మొహానికి తెల్లరంగు

అమెరికా నల్లజాతి నాటకరంగం: ధారావాహిక, 9వ భాగం

‘మొహానికి రంగేసుకున్నాడు’ అంటే మనకి నాటకాల్లోకి దిగాడని అర్థం. ఆ మాటలో కాస్త మురిపెం ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళంటే కాస్త కోపమూ ఉంటుంది. అమెరికాలో మొహానికి రంగేసుకోవడం వెనక చాలా చేదు చరిత్ర ఉంది. 1830ల నుంచి అక్కడ తెల్లనటులు బిరడాలు కాల్చి, ఆ మసి మొహానికి పట్టించుకుని, నల్లవాళ్ళని సోమరులుగా, దొంగలుగా, తెలివి లేనివాళ్ళుగా చూపిస్తూ ఆడి పాడేవాళ్ళు. వాటిని మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు అనేవారు. థామస్ రైస్ అనే నటుడు కట్టిన ‘జిమ్ క్రో’ వేషం ఎంత పాకిందంటే, తర్వాత దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్ళని వేరుగా నిలబెట్టడానికి చేసిన చట్టాలకి ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, నల్లనటులకి వేదిక దొరకాలన్నా అదే మసి పూసుకోవాల్సి వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో బ్రాడ్‌వేని ఏలిన బెర్ట్ విలియమ్స్ స్వయానా నల్లవాడు. ఆయనా తన మొహం మీద నల్లరంగు పూసుకునే వేదికెక్కాడు.

ఇదంతా మనసులో పెట్టుకుని 1965 నవంబర్ 15 రాత్రికి రండి. న్యూయార్క్ నగరం, మన్‌హాటన్ దిగువభాగంలో సెకండ్ ఎవెన్యూ మీద సెయింట్ మార్క్స్ ప్లేహౌస్ అనే చిన్న థియేటర్. తెర తొలిగాక వేదిక మీద ఇద్దరు తెల్లాయనలు దుకాణం ముందు చతికిలబడి ఉన్నారు. దక్షిణాదిలో ఏదో చిన్న ఊరు. పొద్దెక్కుతోంది. ఇద్దరికీ ఏదో వెలితిగా ఉంది కానీ ఏమిటో అంతుపట్టడం లేదు. ఉన్నది ఏదో లేదు. చాలాసేపటికి ఒకాయనకి తడుతుంది: పొద్దున్నించి ఊళ్ళో ఒక్క నల్లమనిషి కూడా కనపడలేదు!

ఆ ‘తెల్లాయనలు’ ఇద్దరూ నల్లనటులే. మొహాలకి తెల్లరంగు పూసుకున్నారు. ఊరి మేయరు, ఆయన సహాయకుడు, టెలిఫోన్ ఆపరేటర్లు, పిల్లతల్లి, మొగుడు, అందరూ అంతే. సుమారు 130 ఏళ్ళ వెక్కిరింతని ఆ రాత్రి వాళ్ళు చొక్కాని తిరగేసినట్టు తిరగేశారు. నాటకం పేరు ‘డే ఆఫ్ ఆబ్సెన్స్’. రాసినవాడు, అందులో మేయరు వేషం కట్టినవాడు డగ్లస్ టర్నర్ వార్డ్. ఈ భాగం ఆయన కథ.

గత భాగం చదివినవాళ్ళు ఆయన్ని ఇదివరకే చూశారు, గుర్తుపట్టి ఉండరు. లొరైన్ హాన్స్‌బెర్రీ ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ 1959లో బ్రాడ్‌వేకి ఎక్కినప్పుడు, చివరి దృశ్యంలో ఆ కుటుంబం సామాన్లు మోయడానికి ఇద్దరు కూలీలు వస్తారు కదా, వాళ్ళలో ఒకడు ఈయన. ఆ చిన్న వేషంతోపాటు సిడ్నీ పోయిటియర్‌కి అండర్‌స్టడీ కూడా. అంటే హీరోకి ఏ రాత్రయినా ఒంట్లో బాగోకపోతే ఆ పాత్రకి సిద్ధంగా ఉండాల్సినవాడు. తర్వాత నాటకం ఊరూరా తిరిగినప్పుడు ఆ హీరో పాత్ర, వాల్టర్ లీ, ఆయనే వేశాడు.

ఆయన అసలు పేరు రూజ్వెల్ట్ వార్డ్ జూనియర్. 1930 మే 5న లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున బర్న్‌సైడ్ అనే చోట, చెరకు తోటల నడుమ పుట్టాడు. ఆ తోటల్లో ఆయన పూర్వీకులు బానిసలుగా చెమటోడ్చిన కాలం అప్పటికి మరీ పాతదేం కాదు. తర్వాత కుటుంబం న్యూ ఆర్లీన్స్ చేరింది. అమ్మానాన్నలు సొంతంగా బట్టలు కుట్టే వ్యాపారం పెట్టుకున్నారు. పెద్ద సంపాదనేమీ కాకపోయినా, ఒకరి కింద చెయ్యి చాచకుండా బతకడం ఎలా ఉంటుందో పిల్లవాడు ఇంట్లోనే చూశాడు. ఈ సంగతి తర్వాత మనకి పనికొస్తుంది.

చదువు విల్బర్‌ఫోర్స్‌లో కొంత, మిషిగన్ విశ్వవిద్యాలయంలో కొంత. ఫుట్‌బాల్ ఆడేవాడు. మోకాలికి దెబ్బ తగలడంతో ఆట పోయింది. 1948లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, చదువు వదిలేసి న్యూయార్క్ వచ్చేశాడు. అక్కడ వామపక్ష రాజకీయాల్లోకి దిగి, కమ్యూనిస్టు పత్రిక ‘డెయిలీ వర్కర్’లో విలేకరిగా రాశాడు. ఆ రోజుల్లో అలాంటివాళ్ళ మీద ప్రభుత్వానికి వెయ్యి కళ్ళు. చిరునామా మారిన సంగతి సైనిక నమోదు బోర్డుకి తెలపలేదని కేసు పెట్టి, సైన్యంలో చేరకుండా తప్పించుకున్నాడన్న నేరం మోపారు. శిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1953లో అక్కడ కొట్టేశారు. ఆ మధ్యకాలంలో కదలడానికి వీల్లేక న్యూ ఆర్లీన్స్‌లో ఉండిపోయాడు. నాటకం రాయాలన్న ఆలోచన ముదిరింది ఆ రోజుల్లోనే.

మళ్ళీ న్యూయార్క్ వచ్చాక పాల్ మాన్ నటన శిక్షణశాలలో చేరాడు. నటుడు కావాలన్న కోరికతో చేరలేదు. నాటకం రాసేవాడికి నటుడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలిసుండాలని చేరాడు. చేరాక నటన వదల్లేదు. 1956లో యూజీన్ ఓనీల్ ‘ది ఐస్‌మన్ కమెత్’ పునఃప్రదర్శనలో కనిపించాడు. వేదిక కోసం పేరు మార్చుకున్నాడు: డగ్లస్ టర్నర్. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి దేశాన్ని మాటలతో కుదిపేసిన ఫ్రెడరిక్ డగ్లస్ నుంచి ఒక ముక్క. 1831లో వర్జీనియాలో బానిసల తిరుగుబాటు లేవదీసి ఉరికంబమెక్కిన నాట్ టర్నర్ నుంచి ఇంకో ముక్క. ఒకరిది నోరు, ఒకరిది కత్తి. నటుడిగా ఆ పేరు, రచయితగా చివర వార్డ్ తగిలించి ఇంకో పేరు. చాలాకాలం కరపత్రాల్లో రెండూ వేరువేరుగానే అచ్చయ్యేవి.

‘రైజిన్’ బృందంతో ఊళ్ళు తిరిగే రోజుల్లో రాబర్ట్ హుక్స్ అనే కుర్ర నటుడు పరిచయమయ్యాడు. అంతకుముందే లోనీ ఎల్డర్ అనే స్నేహితుడు ఉన్నాడు. ఎల్డర్, వార్డ్ ఒకే గదిలో ఉండేవాళ్ళు. వార్డ్ రాస్తుంటే చూసి చూసి ఎల్డర్ కూడా నాటకాలు రాయడం మొదలెట్టాడు. వీళ్ళందరి మాటల్లో తిరిగి తిరిగి వచ్చే సంగతి ఒక్కటే: మన కథలు మనం ఆడుకునే చోటు మనకి ఎప్పుడు దొరుకుతుంది? ‘రైజిన్’ అంత గొప్పగా ఆడింది, నిజమే. ఆ తర్వాత? మళ్ళీ పనిమనుషుల వేషాలు, డ్రైవరు వేషాలు, పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చి బయటికి పోయే వేషాలు.

1965లో హుక్స్ డబ్బు కూడగట్టి, వార్డ్ రాసిన రెండు ఏకాంకికలని ఒకే రాత్రి ఆడించాడు. మొదటిది ‘హ్యాపీ ఎండింగ్’. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను. ‘డే ఆఫ్ ఆబ్సెన్స్’ కీర్తి నీడలో అది మరుగున పడిపోయింది గానీ, నా మట్టుకు వార్డ్ పదును ఇందులోనే ఎక్కువ కనిపిస్తుంది.

హార్లెమ్‌లో ఒక వంటగది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, ఎలీ, వై, బల్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఇద్దరూ హారిసన్ అనే తెల్లవాళ్ళింట్లో పనిచేస్తారు. ఆ దొర, దొరసాని విడిపోబోతున్నారు, అదీ ఏడుపు. మేనల్లుడు జూనీ వస్తాడు. కుర్రవాడు, ఒంటిమీద ఖరీదైన సూటు. సంగతి విని మండిపడతాడు. మనవాళ్ళు వీధుల్లో హక్కుల కోసం లాఠీదెబ్బలు తింటుంటే, మీరు తెల్లవాళ్ళ కాపురం కోసం ఏడుస్తారా? ఆత్మగౌరవం లేదా? అంటూ కడిగేస్తాడు. ఎలీ అంతా విని, కళ్ళు తుడుచుకుని, లెక్క చెప్పడం మొదలుపెడుతుంది. ఈ ఇంట్లో తింటున్న మాంసం ఎక్కడిది? ఆ బట్టలు ఎక్కడివి? నువ్వు తొడుక్కున్న ఆ సూటు ఎవరిది? ఏళ్ళ తరబడి ఆ ఇంటి వంటగదీ బీరువాలూ పచారీ కొట్టు ఖాతాలూ తన చేతుల మీదుగా నడిచాయి. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి కనపడని కాలవ ఒకటి పారుతోంది. జీతం అని వాళ్ళిచ్చే చిల్లరకీ తాను చేసే చాకిరీకీ మధ్య ఉన్న తేడాని ఎలీ తనకు తానే వసూలు చేసుకుంటోంది. ఆ కాపురం కూలితే ఈ కాపురమూ కూలుతుంది. లెక్క పూర్తయ్యేసరికి జూనీ కూడా బల్ల దగ్గర కూలబడి ఏడుస్తుంటాడు. అంతలో ఫోన్ వస్తుంది: దొరలు రాజీపడ్డారు! ఇక సంబరమే సంబరం.

ఇది చూసి నవ్వనివాడు ఉండడు. ఇంటికి పోయాక మాత్రం ఆ సూటు గుర్తొస్తుంది. ఆత్మగౌరవం గురించి ఉపన్యాసమిచ్చిన కుర్రవాడి ఒంటిమీదున్నది దొర సూటు. బట్టలు కుట్టేవాళ్ళ ఇంట్లో పెరిగినవాడికే తట్టే సంగతి ఇదని నాకనిపిస్తుంది. ఏ బట్ట ఎవరి ఒంటికి కుట్టినదో, ఎవరి ఒంటిమీద ఉందో ఆ కంటికి ఇట్టే పట్టుబడుతుంది.

ఇక ‘డే ఆఫ్ ఆబ్సెన్స్’. ఊళ్ళో నల్లవాళ్ళందరూ ఒక్కసారిగా మాయమయ్యారు. ఒక ఇంట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయా రాలేదు. తల్లికి బిడ్డని ఎలా ఎత్తుకోవాలో తెలియదు, గుడ్డ ఎలా మార్చాలో అసలే తెలియదు. మొగుడు పక్కింటికి ఫోన్ చేద్దామంటే లైను దొరకదు. టెలిఫోన్ ఆఫీసులో అమ్మాయిలకి ఊపిరాడటం లేదు. ఫ్యాక్టరీలు ఆగాయి, చెత్త పేరుకుంది, వంటలు లేవు. ఇంకో విచిత్రం: ఊళ్ళో తెల్లవాళ్ళుగా చలామణీ అవుతున్న కొందరు పెద్దమనుషులు కూడా కనపడటం లేదు! వాళ్ళ రక్తంలో ఏముందో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదన్నమాట. చివరికి మేయరు టీవీ కెమెరా ముందు నిలబడి, కనపడని తన నల్ల ప్రజలని బతిమాలుతాడు. ముందు ఆప్యాయత, తర్వాత బెదిరింపు, చివరికి మోకాళ్ళ మీద పడి ఏడుపు. ఆ మేయరుగా వార్డ్ నటన చూసినవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున రాస్టస్ అనే నల్లమనిషి, నెమ్మదిగా, ఏమీ జరగనట్టు నడుచుకుంటూ వస్తాడు. నిన్న ఎక్కడికి పోయావురా అని అడిగితే వాడు తేల్చి చెప్పడు. దుకాణం ముందు ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అంతా మునుపటిలాగే ఉంది. ఉందా? ఆ అనుమానం మీదే తెర పడుతుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అదే వేదిక మీద అంతకుముందు ఫ్రెంచి రచయిత జాఁ జెనే నాటకం ‘ది బ్లాక్స్’ 1961 నుంచి 1,408 ప్రదర్శనలు నడిచింది. అందులోనూ నల్లనటులు తెల్ల ముసుగులు తొడుక్కున్నారు. అంటే నల్లమొహం మీద తెల్లమొహం పెట్టడం ఆ వేదికకి కొత్త కాదు. కొత్తేమిటంటే, జెనే తన నాటకం తెల్ల ప్రేక్షకులని ఉద్దేశించి రాశానని తానే చెప్పాడు. వార్డ్ నల్ల ప్రేక్షకులని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశాడు. హాల్లో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి నవ్వు మారుతుంది. ఎలీ లెక్క చెప్తుంటే ఒక పనిమనిషి నవ్వే నవ్వు వేరు, ఆమెకి జీతమిచ్చే ఇల్లాలు నవ్వే నవ్వు వేరు. ఆ మొదటి నవ్వు వినపడని థియేటర్‌లో తన నాటకం సగం చచ్చినట్టే అని వార్డ్ నమ్మాడు. ఆయన తర్వాతి జీవితమంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

రెండు ఏకాంకికలూ కలిపి 504 ప్రదర్శనలు ఆడాయి. రచనకి డ్రామా డెస్క్ వారి వెర్నన్ రైస్ అవార్డు, నటనకి ఓబీ అవార్డు వచ్చాయి. దాంతో ‘న్యూయార్క్ టైమ్స్’ వాళ్ళు ఆయన్ని వ్యాసం రాయమన్నారు. 1966 ఆగస్టు 14న అచ్చయింది. శీర్షికే ఒక ప్రశ్న: అమెరికా నాటకరంగం తెల్లవాళ్ళకి మాత్రమేనా? అందులో ఆయన కోరింది స్పష్టం. నల్లవాళ్ళ జీవితం కేంద్రంగా, నల్ల ప్రేక్షకులే ముఖ్యంగా, నటులకీ రచయితలకీ సాంకేతిక నిపుణులకీ తర్ఫీదు ఇచ్చే ఒక శాశ్వత నాటక సంస్థ. అలాగని తలుపులు మూసుకుని కూర్చునేది కాదు. ప్రపంచంలో ఎక్కడ మంచి నాటకం ఉన్నా తెచ్చి ఆడగలగాలి.

పత్రికల్లో ఇలాంటి వ్యాసాలు ఎన్నో వస్తాయి, పొట్లాలు కట్టుకోవడానికి పోతాయి. ఇది పోలేదు. ఫోర్డ్ ఫౌండేషన్‌లో కళల విభాగం చూసే మెక్‌నీల్ లౌరీ చదివి, కబురు పెట్టాడు. వార్డ్, హుక్స్, థియేటర్ నిర్వహణలో ఆరితేరిన జెరాల్డ్ క్రోన్, ముగ్గురూ కలిసి ప్రణాళిక రాశారు. 1967లో 4,34,000 డాలర్ల గ్రాంటు వచ్చింది. అలా పుట్టింది నీగ్రో ఎన్‌సెంబుల్ కంపెనీ. వార్డ్ కళాత్మక దర్శకుడు, హుక్స్ కార్యనిర్వాహకుడు, క్రోన్ పరిపాలన చూసేవాడు. చోటు మళ్ళీ అదే సెయింట్ మార్క్స్ ప్లేహౌస్.

పుట్టగానే రాళ్ళు పడ్డాయి. అప్పటికి కాలం మారిపోయింది. 1965లోనే అమిరి బరాకా హార్లెమ్ వెళ్ళి నల్లకళల రంగస్థలం, బడి పెట్టాడు. కుర్రకారు ‘నీగ్రో’ అన్న మాటనే అసహ్యించుకుని ‘బ్లాక్’ అని గర్వంగా చెప్పుకుంటున్న రోజులు. అలాంటప్పుడు పేరులో నీగ్రో ఏమిటి? హార్లెమ్ వదిలి దిగువ మన్‌హాటన్‌లో కాపురమేమిటి? డబ్బు తెల్లవాళ్ళది, ముగ్గురు నిర్వాహకుల్లో ఒకడు తెల్లవాడు, ఇదేం నల్ల థియేటర్? దీనికి తోడు 1968 జనవరిలో ఆడిన మొట్టమొదటి నాటకం జర్మన్‌లో రాసే తెల్ల రచయిత పీటర్ వైస్‌ది, ‘సాంగ్ ఆఫ్ ది లూసిటేనియన్ బోగీ’. అంగోలాలో పోర్చుగీసు వలసపాలన అకృత్యాల మీద నాటకం అది. రెండోది ఆస్ట్రేలియా నాటకం. ఆ మొదటి సీజన్లోనే నైజీరియా రచయిత వోలె షోయింకా ‘కోంగీస్ హార్వెస్ట్’ ఆడారు. షోయింకా అప్పటికి స్వదేశంలో జైల్లో ఉన్నాడు.

ఈ విమర్శల్లో కొన్ని నాకు సబబుగానే తోస్తాయి. పరాయి డబ్బుతో నిలబడ్డ ఇల్లు ఎప్పుడూ పరాయి దయ మీదే నిలబడుతుంది. అది వార్డ్‌కి తెలియక కాదు. పేరు సంగతి మాత్రం ఆయన పంతం పట్టాడు, మార్చలేదు. మొదటి నాటకం సంగతికొస్తే, ఆఫ్రికాలో బానిసత్వం ఇంకా ఏ రూపంలో నడుస్తోందో న్యూయార్క్ నల్లవాళ్ళకి చూపించడం ఎవరు రాశారన్నదానికంటే ముఖ్యమని అనుకున్నాడు. ఆ సంగతిలో నేను ఆయన పక్షమే.

సంస్థ లోపల జరుగుతున్నది చూస్తే ఆ వాదాలన్నీ చిన్నవైపోతాయి. పగలు ఉచిత శిక్షణ తరగతులు: నటన, నాట్యం, రచన, దీపాలు, రంగాలంకరణ, నిర్వహణ. సాయంత్రం ప్రదర్శన. మోజెస్ గన్, ఎస్తర్ రోల్, రోజలిండ్ క్యాష్, ఫ్రాన్సిస్ ఫాస్టర్, ఆర్థర్ ఫ్రెంచ్ లాంటివాళ్ళు మొదటి బృందంలో ఉన్నారు. నటులకి నెలనెలా జీతం. ఇవాళ మనకి ఇది మామూలుగా వినిపించవచ్చు. అప్పటి అమెరికాలో ఒక నల్లనటుడు వచ్చే నెల అద్దె గురించి బెంగ లేకుండా ఒక పాత్ర గురించి ఆలోచించడం అపురూపం. తర్ఫీదు పొందినవాళ్ళలో రంగస్థల నిర్వాహకులు, దీపాల పనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ చరిత్రకీ ఎక్కలేదు.

1969 ఫిబ్రవరిలో పాత గదిమిత్రుడు లోనీ ఎల్డర్ నాటకం ‘సెరిమనీస్ ఇన్ డార్క్ ఓల్డ్ మెన్’ వేదికెక్కింది. హార్లెమ్‌లో మంగలి దుకాణం. దానికి గిరాకీ లేదు. ముసలి పార్కర్ స్నేహితుడితో చెకర్స్ ఆడుకుంటూ, కుర్రతనంలో వేదికల మీద డాన్సు చేసిన రోజులు తలుచుకుంటూ పొద్దుపుచ్చుతుంటాడు. కూతురి సంపాదన మీద ఇల్లు నడుస్తోంది. కొడుకులు దొంగసారా వ్యాపారంలోకి దిగుతారు. కత్తెర పట్టాల్సిన చోట సారా సీసాలు చేరతాయి. పార్కర్‌గా వార్డ్ వేశాడు. అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు. ఆ ఏడాదే టోనీ అవార్డుల వాళ్ళు సంస్థకి ప్రత్యేక పురస్కారమిచ్చారు.

1972కల్లా ఫోర్డ్ డబ్బు పల్చబడింది. శాశ్వత బృందాన్ని రద్దు చెయ్యాల్సి వచ్చింది. జీతాలు పోయాయి, తరగతులు ఆగాయి. కట్టుకున్న ఇంటిని తన చేతులతోనే ఇటుక ఇటుకా విప్పడం వార్డ్‌కి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఉన్న కాస్త డబ్బూ ఊడ్చి ఒకే ఒక్క నాటకం మీద పెట్టాడు: జోసెఫ్ వాకర్ రాసిన ‘ది రివర్ నైజర్’. ఇళ్ళకి రంగులేసి బతికే ఒక హార్లెమ్ తండ్రి, రాత్రిళ్ళు తాగుతూ కవిత్వం రాసుకుంటాడు. దర్శకత్వం వార్డ్‌దే, ఆ తండ్రి పాత్రా వార్డ్‌దే. డిసెంబర్‌లో మొదలైన నాటకం జనం తోసుకురావడంతో 1973 మార్చిలో బ్రాడ్‌వేకి మారింది. 1974లో ఉత్తమ నాటకంగా టోనీ అందుకుంది. నల్ల రచయితకి ఆ అవార్డు రావడం అదే మొదలు. సంస్థ ఊపిరి తీసుకుంది.

ఇక్కడొక సంగతి ఆగి చూడాలి. 1965లో ‘డే ఆఫ్ ఆబ్సెన్స్’ రాసినవాడు ఆ తర్వాత సొంత నాటకాలు ఎన్ని రాశాడు? 1969లో ‘ది రెకనింగ్’, 1970లో చిన్నది ‘బ్రదర్‌హుడ్’, ఇంకా ఒకటీ అరా. అంతే. చేతిలో పదునైన కలం ఉన్నవాడు, మొదటి దెబ్బకే 504 రాత్రులు నిలిచినవాడు, తన రాతలన్నీ పక్కనపెట్టి ఇతరుల రాతప్రతులు చదువుతూ కూర్చున్నాడు. పోస్టులో వచ్చిన నాటకాలు, కుర్రవాళ్ళు చంకలో పెట్టుకుని తెచ్చిన నాటకాలు. లెస్లీ లీ, శామ్-ఆర్ట్ విలియమ్స్, చార్లెస్ ఫుల్లర్, ఇలా ఎందరి మొదటి పెద్ద అడుగులో ఆ ఇంటి గడపలోనే పడ్డాయి. దర్శకుడిగా, నిర్మాతగా, అవసరమైతే నటుడిగా, ఒక్కోసారి గొడుగుగా నిలబడ్డాడు. అందువల్ల అమెరికా నాటకరంగం ఒక రచయితని కొంత పోగొట్టుకుని, ఎందరినో సంపాదించుకుంది. ఆ లెక్కలో ఆయనకి ఏం మిగిలిందని నేను చాలాసార్లు అనుకున్నాను.

దర్శకుడిగా ఆయన శిఖరం చార్లెస్ ఫుల్లర్ రాసిన ‘ఎ సోల్జర్స్ ప్లే’. అప్పటికి సంస్థ మన్‌హాటన్‌లో పైకి, 55వ వీధిలోని థియేటర్ ఫోర్‌కి మారింది. 1981 నవంబర్‌లో మొదలై 468 ప్రదర్శనలు ఆడింది. కథ 1944లో, వార్డ్ పుట్టిన లూసియానాలోనే, ఒక సైనిక శిబిరంలో. నల్ల సార్జెంట్ వాటర్స్‌ని రాత్రిపూట ఎవరో కాల్చి చంపారు. అందరి అనుమానం తెల్లవాళ్ళ మీద, ముసుగులేసుకునే కు క్లక్స్ క్లాన్ వాళ్ళ మీద. విచారణకి కెప్టెన్ డావెన్‌పోర్ట్ వస్తాడు. నల్లవాడైన అధికారిని ఆ సిపాయిలు చూడటం అదే మొదలు. ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతుంటాడు. కుర్చీలో కూర్చుని జవాబు చెప్తున్న సిపాయి మాట మధ్యలో లేచి, రెండడుగులు పక్కకి వేస్తే అది గతం. చచ్చిపోయిన వాటర్స్ అక్కడ నిలబడి అరుస్తుంటాడు. మళ్ళీ రెండడుగులు వెనక్కి వేస్తే కెప్టెన్ ముందు కుర్చీ. కాలానికీ కాలానికీ మధ్య తెర పడదు.

విచారణ నడిచేకొద్దీ తెలిసేది ఏమిటంటే, వాటర్స్‌కి తెల్లవాళ్ళ కన్నా తన జాతిలోని అమాయకులంటేనే మంట. గిటారు వాయించుకుంటూ పాడుకునే పల్లెటూరి సిపాయి సి.జె.ని చూసి, వీడి వల్లే మనల్ని చూసి నవ్వుతున్నారని పగబట్టి, లేని నేరం మోపి, జైల్లో వాడు ఉరిపోసుకునేదాకా తరుముతాడు. చివరికి వాటర్స్‌ని చంపింది తెల్లవాళ్ళు కాదు, అతని కిందపనిచేసే పీటర్సన్ అనే నల్ల సిపాయే. వాటర్స్‌గా అడాల్ఫ్ సీజర్ వేశాడు. పీటర్సన్‌గా వేసిన యువకుడి పేరు డెంజెల్ వాషింగ్టన్. హెన్సన్ అనే సిపాయిగా శామ్యూల్ ఎల్. జాక్సన్. అప్పటికి ఇద్దరూ పెద్దగా ఎవరికీ తెలియరు. సైనిక నమోదు కేసులో ఒకప్పుడు శిక్ష పడ్డ మనిషి, ఆ కుర్రవాళ్ళని సిపాయిల్లా నిలబెట్టి, కవాతు చేయించి, ఆ నాటకం ఆడించాడు.

1982లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అయినా బ్రాడ్‌వేకి వెళ్ళలేదు. నాటకం చివర, నల్లవాళ్ళు అధికారంలో ఉండటానికి ఇక అలవాటు పడాలని డావెన్‌పోర్ట్ ఒక తెల్ల కెప్టెన్‌తో అనే మాట తీసెయ్యమన్నారని, తాను ఒప్పుకోలేదని ఫుల్లర్ తర్వాత చెప్పాడు. ఇంకోపక్క నుంచి అమిరి బరాకా, ఇది తెల్ల మధ్యతరగతికి నచ్చే నాటకమని తీవ్రంగా దుయ్యబట్టాడు. నల్లవాణ్ణి నల్లవాడే చంపడం ఎవరికి మేలు చేస్తుందని ఆయన బాధ. ఆ బాధ అర్థమవుతుంది. కానీ తెల్లవాడి చూపు నల్లవాడి లోపలికి దిగి, తన తమ్ముణ్ణే తాను అసహ్యించుకునేలా చేస్తుందన్న నిజాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన నాటకాలు నాకు తెలిసి తక్కువ. వాటర్స్ మొహానికి మసి లేదు. కానీ ఆ మసి పూసుకునే వేషమే అతనికి ప్రతి నల్లమొహంలోనూ కనిపిస్తుంది. 1984లో నార్మన్ జూయిసన్ దీన్ని ‘ఎ సోల్జర్స్ స్టోరీ’గా సినిమా తీశాడు. మన పాఠకుల్లో కొందరు అది చూసే ఉంటారు.

1980ల చివరికి సంస్థ మళ్ళీ అప్పుల్లో కూరుకుంది. రోజువారీ బాధ్యత వార్డ్ ఇతరులకి అప్పజెప్పాడు. సంస్థ చిక్కిపోయినా మూతపడలేదు. ఇప్పటిదాకా రెండు వందలకి పైగా కొత్త నాటకాలు ఆడామని వాళ్ళు చెప్పుకుంటారు.

వార్డ్ మళ్ళీ కలం దగ్గరికి వెళ్ళాడు. అసలు వదిలిపెట్టలేదు, పక్కనపెట్టాడంతే. దశాబ్దాలుగా ఆయన మనసులో ఒక పెద్ద పని ఉంది: హైతీ విప్లవం. 1791లో బానిసలు తిరగబడి, నెపోలియన్ పంపిన సేనల్ని కూడా ఓడించి, 1804లో సొంత దేశం ప్రకటించుకున్న ఆ మహాగాథ మీద మూడు నాటకాలు. చెరకు తోటల బానిసల కథ అది. బర్న్‌సైడ్ చెరకు తోటల్లో పుట్టినవాడు రాశాడు. ‘ది హైతియన్ క్రానికల్స్’ పేరుతో 2020లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి రచయిత వయసు దాదాపు 90.

అదే 2020 జనవరిలో ‘ఎ సోల్జర్స్ ప్లే’ ఎట్టకేలకి బ్రాడ్‌వే ఎక్కింది, రాసిన దాదాపు నలభై ఏళ్ళకి. చివరి మాట తీసెయ్యకుండానే. కెన్నీ లియాన్ దర్శకుడు. వాటర్స్‌గా డేవిడ్ అలన్ గ్రియర్. 1984 సినిమాలో ఈయన కుర్ర సిపాయిగా చిన్న వేషం వేశాడు. మార్చి రెండో వారంలో కోవిడ్ వచ్చి బ్రాడ్‌వే మొత్తం దీపాలార్పేసింది. ఇంకో నాలుగు రోజులు ఆడాల్సిన నాటకం అర్ధాంతరంగా ఆగిపోయింది. ఏడాదిన్నర ఆలస్యంగా, 2021 సెప్టెంబర్‌లో, టోనీ అవార్డులు ప్రకటించారు. ఉత్తమ పునఃప్రదర్శన ‘ఎ సోల్జర్స్ ప్లే’, గ్రియర్‌కి నటనకి అవార్డు.

డగ్లస్ టర్నర్ వార్డ్ అప్పటికి లేడు. ఆ ఏడాది ఫిబ్రవరి 20న మన్‌హాటన్‌లో తన ఇంట్లో కన్నుమూశాడు. నగరంలో అప్పటికి దాదాపు ఏడాదిగా ఏ థియేటర్‌లోనూ దీపం వెలగలేదు.